ట్రాక్ డేకు వెళ్లాలంటే: గోదావరి డెల్టా నుంచి ఖర్చు లెక్క, తయారీ, దక్కేది

రావులపాలెం నుంచో భీమవరం నుంచో బయలుదేరి, రేసు ట్రాక్ మీద ఒక రోజంతా బైకు నడిపి రావాలంటే ఎంత అవుతుంది? అంత ఖర్చుకు తగినది దక్కుతుందా? బండిని ఇష్టంగా నడిపే ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ప్రశ్నే ఇది. నా సమాధానం ముందే చెబుతాను. దక్కుతుంది, అయితే మూడు షరతుల మీద. మొదటిసారి సొంత బండి తీసుకెళ్లకూడదు. శిక్షణ ఉన్న రోజునే ఎంచుకోవాలి. ఖర్చును రోజు లెక్కన కాక, ట్రాక్ మీద నడిపే ఒక్కో నిమిషానికి ఎంత పడిందో చూసుకోవాలి. ఇవి కుదరనప్పుడు అదే డబ్బుతో మంచి టైర్లు, మంచి హెల్మెట్ కొనుక్కోవడం మేలు.

ట్రాక్ డే అంటే పందెం అనుకునేవారు చాలామంది. ఇక్కడ గెలుపోటములు లేవు, బహుమతులు లేవు. నడిపేవారిని అనుభవాన్ని బట్టి గుంపులుగా విడగొట్టి, ఒక్కో గుంపును పదిహేను ఇరవై నిమిషాల చొప్పున రోజులో ఐదారుసార్లు ట్రాక్ మీదికి వదులుతారు. ఇలా వదిలే ఒక్కో విడతను సెషన్ అంటారు. ఎదురుగా వచ్చే వాహనం ఉండదు. అడ్డొచ్చే గేదె ఉండదు. పడితే ఎత్తడానికి మనుషులు, పక్కనే అంబులెన్సు ఉంటాయి. మీరు కట్టే డబ్బంతా ఈ ఏర్పాటు కోసమే.

మొదటి అడుగు: ఊళ్లోనే బ్రేకు పట్టడం నేర్చుకోండి

వెయ్యి రూపాయలు కూడా ఖర్చు కాని పని ఇది. దీన్ని వదిలేసి వెళ్తే ట్రాక్ మీద మొదటి రెండు సెషన్లు దీనికే పోతాయి. అక్కడ నిమిషం ఖరీదైనది.

బ్రేకు గురించి ఎందుకింత పట్టుబడుతున్నానో ఒక చిన్న లెక్కతో చెబుతాను. గంటకు 60 కి.మీ. వేగమంటే సెకనుకు దాదాపు 16.7 మీటర్లు. భయపడుతూ సగం సగంగా బ్రేకు పట్టేవారి బండి ఆ వేగం నుంచి ఆగడానికి సుమారు 28 మీటర్లు తీసుకుంటుంది. ముందు బ్రేకును క్రమంగా, గట్టిగా పిండడం తెలిసినవారి చేతిలో అదే బండి, అదే పొడి రోడ్డు మీద 17 మీటర్ల దగ్గర ఆగుతుంది. ప్రమాదాన్ని చూసి చెయ్యి కదిలేలోపు దొర్లిపోయే దూరం ఇద్దరికీ అదనం. 80 కి.మీ. వేగంలో ఈ తేడా పద్దెనిమిది మీటర్లు దాటుతుంది. మన కాలువ గట్టు రోడ్ల మీద మలుపుకూ నీటికీ మధ్య చాలాచోట్ల అన్ని మీటర్ల జాగా ఉండదు. పిట్టగోడ కూడా ఉండదు.

సాధన ఇలా చేయండి. ప్లాట్లు వేసి ఇళ్లు కట్టని లేఅవుటు రోడ్డునో, సెలవు రోజున ఖాళీగా ఉండే యార్డునో ఎంచుకోండి. సంబంధించినవారి అనుమతి తప్పనిసరిగా తీసుకోండి. చీపురుతో ఇసుక, గులకరాళ్లు ఊడ్చండి. సుద్దతో ఒక గీత గీయండి. హెల్మెట్, చేతి తొడుగులు, బూట్లు వేసుకుని 30 కి.మీ. వేగంతో వచ్చి, గీత దగ్గర బ్రేకు మొదలుపెట్టండి. మొదటి క్షణంలో లివరును మెత్తగా నొక్కి, ముందు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే షాకబ్జార్బరు గొట్టాలు) కిందికి దిగి టైరు మీద బరువు పడ్డాక పట్టు పెంచండి. లివరును ఒక్కసారిగా లాగేయడమే చాలామంది చేసే తప్పు. ఫోర్కు దిగేలోపే చక్రం బిగుసుకుపోతుంది. ఆగిన చోట మరో గీత గీసి అడుగులతో కొలిచి, ఒక పుస్తకంలో రాసుకోండి. 30 మీద నమ్మకం కుదిరాక 40కి వెళ్లండి. 40 మీద పన్నెండు మీటర్ల దగ్గర మొదలయ్యే గీత, సాధన పెరిగేకొద్దీ ఎనిమిది మీటర్ల వైపు జరుగుతుంది. 125 సీసీ దాటిన కొత్త బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి కాబట్టి మీ బండిలో అది ఉండే ఉంటుంది. లివరు చేతికింద కొట్టుకున్నట్టు అనిపిస్తే బెదిరి వదిలేయకండి. అది పనిచేస్తున్నదనడానికి గుర్తు అదే.

ఎండాకాలంలో మనకు ఇంకో వెసులుబాటు ఉంది. దాళ్వా కోతలై, కాలువలు కట్టేశాక పొలాలు ఎండి గట్టిపడతాయి. తెలిసినవారి చేలో, వారు సరేనంటే, తెల్లవారుజామున తక్కువ వేగంతో గుండ్రంగా తిప్పి చూడండి. వెనుక చక్రం కాస్త జారితే ఎలా ఉంటుందో, అప్పుడు యాక్సిలరేటరును ఎంత సున్నితంగా పట్టుకోవాలో చేతికి తెలుస్తుంది. జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలాక ఈ అవకాశం ఉండదు.

రెండో అడుగు: ఏ ట్రాక్, ఏ నెల

మనకు దగ్గరి పెద్ద ట్రాక్ చెన్నైలో ఉంది. చెన్నై నుంచి బెంగళూరు వెళ్లే హైవే మీద, శ్రీపెరుంబుదూరుకు ముందు వచ్చే ఇరుంగాట్టుకోట్టై దగ్గర మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. పాతకాలం రైడర్లు ఇప్పటికీ ఎంఎంఆర్‌టీ (మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్) అనే అంటారు. పొడవు సుమారు 3.7 కి.మీ., మలుపులు పన్నెండు. 1990 నుంచి నడుస్తోంది. రాజమండ్రి నుంచి చెన్నైకి 16వ నంబరు జాతీయ రహదారి మీద ఆరు వందల కి.మీ. పైమాటే.

కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వే 2.1 కి.మీ. ఉంటుంది. చిన్న బండ్లకు, నేర్చుకునేవారికి అది చక్కని ట్రాక్. కానీ మనకు ప్రయాణం చాలా ఎక్కువ. 2023లో మోటో జీపీ జరిగిన గ్రేటర్ నోయిడాలోని బుద్ధ సర్క్యూట్ ఐదు కి.మీ. పైబడిన ట్రాక్. అక్కడి పొడవైన సరళరేఖ మీద 200 సీసీ బండి పూర్తి వేగంతో చాలాసేపు పరుగెడుతుంది, అంతసేపూ మీరు నేర్చుకునేది తక్కువ. మొదటి ఒకటి రెండు సార్లకు చెన్నై చాలు.

నెల విషయంలో తొందరపడకండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైకి ఈశాన్య రుతుపవనాల వానలు. తడి ట్రాక్ మీద నడపడం మంచి పాఠమే అయినా, మొదటిసారి వెళ్లేవారు ఆ పాఠం కోసం అంత డబ్బు పెట్టనక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో తోలు సూటు వేసుకుని మధ్యాహ్నం మూడింటికి బండెక్కితే ఏకాగ్రత నిలవదు. జనవరిలో వాతావరణం బాగుంటుంది గానీ సంక్రాంతికి వచ్చినవారంతా తిరిగి వెళ్లే రైళ్లలో చోటు దొరకదు. ఫిబ్రవరి, మార్చి మొదటి భాగం మనకు అనువైన కాలం.

మూడో అడుగు: డబ్బు కట్టే ముందు అడగాల్సినవి

ట్రాక్ డేలు నిర్వహించేవారు, రేసింగ్ పాఠశాలలు, బండ్లు తయారు చేసే కంపెనీలు ఎవరికి వారే తేదీలు ప్రకటిస్తారు. 1980లో అమెరికాలో మొదలైన కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ కూడా చెన్నై ట్రాక్ మీద పాఠాలు చెప్పింది. దాని ఫీజు మిగతావాటికన్నా బాగా ఎక్కువ. టీవీఎస్ వంటి కంపెనీలు తమ అపాచీ బండ్ల యజమానుల కోసం ప్రత్యేకంగా ట్రాక్ అనుభవం ఏర్పాటు చేస్తుంటాయి. ఇలాంటివి వచ్చినప్పుడు వదలకండి. బండి వారిదే అయితే ఖర్చు ఎంత తగ్గుతుందో కింద లెక్కలో కనిపిస్తుంది.

ఫోను చేసినప్పుడు ఫీజు ఒక్కటే అడిగి ఊరుకోకండి. ఒక్కో సెషన్ ఎన్ని నిమిషాలు, మొత్తం ఎన్ని? ఒక గుంపులో ఎంతమంది? మీ స్థాయివారినే మీతో కలుపుతారా, లేక లీటరు బండ్లతో, అంటే 1000 సీసీ బండ్లతో కలిపి వదులుతారా? శిక్షకుడు మీ వెనుక వచ్చి చూసి, దిగాక తప్పులు చెబుతాడా? తోలు సూటు, బూట్లు అద్దెకు దొరుకుతాయా, మీ కొలతలో ఉన్నాయా? అంబులెన్సు, వైద్యుడు రోజంతా ట్రాక్ లోపలే ఉంటారా? వాన వస్తే డబ్బు వెనక్కి ఇస్తారా, మరో తేదీకి మారుస్తారా? మీరు పడేసిన వారి బండికి మరమ్మతు ఖర్చు ఎవరిది? ఈ చివరి ప్రశ్నకు సమాధానం రాతపూర్వకంగా తీసుకోండి. వాట్సాప్ సందేశమైనా సరే. సరిగా చెప్పకుండా దాటవేసేవారికి డబ్బు కట్టకండి.

ఒక శిక్షకుడికి నలుగురైదుగురు ఉన్న రోజుకు పదివేలు కట్టడం, శిక్షకుడే లేని రోజుకు ఆరువేలు కట్టడం కన్నా చవక. ఎందుకంటే చెప్పేవారు లేకపోతే చేస్తున్న తప్పునే ఇంకాస్త వేగంగా చేసి ఇంటికి వస్తారు.

నాలుగో అడుగు: కాగితం తీసి లెక్క వేయండి

కింద ఇచ్చిన అంకెలు ధరల పట్టిక కాదు. లెక్క ఎలా వేయాలో చూపడానికి అనుకున్న మొత్తాలు. మీకు చెప్పిన ధరలను ఆ స్థానాల్లో పెట్టుకోండి.

పాఠశాల బండితో, పాఠశాల సూటుతో వెళ్లారనుకుందాం. ఫీజు 12,000. రైల్లో మూడో తరగతి ఏసీ రానుపోను 2,000. కాకినాడ నుంచి తణుకు, భీమవరం మీదుగా వెళ్లే సర్కార్ ఎక్స్‌ప్రెస్ డెల్టావాసులకు అందుబాటులో ఉన్న రైలు, స్లీపరులో వెళ్తే ఈ రెండు వేలలో సగానికి పైగా మిగులుతుంది. శ్రీపెరుంబుదూరులో రెండు రాత్రుల గది 3,000. తిండి, ఆటోలు, బస్సులు 2,000. మొత్తం 19,000. ఇరవై నిమిషాల సెషన్లు ఐదు దొరికితే ట్రాక్ మీద వంద నిమిషాలు. అంటే నిమిషానికి 190 రూపాయలు.

ఇప్పుడు సొంత బండితో. ఫీజు 8,000కు తగ్గింది. ముగ్గురు కలిసి ఒక బొలెరో పికప్ మాట్లాడుకున్నారు, కిలోమీటరుకు 20 చొప్పున రానుపోను 1,200 కి.మీ.కు 24,000, తలా 8,000. సూటు, బూట్ల అద్దె 2,500. బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్, ఇంజిన్ ఆయిల్ 3,000. ఆ ఒక్క రోజుకు అరిగే టైర్ల విలువ 2,000. పెట్రోలు వెయ్యి. గది, తిండి 4,500. మొత్తం 29,000, నిమిషానికి 290. ఫీజు నాలుగు వేలు తగ్గినా చివరికి పదివేలు పెరిగింది. పైగా బండి పడితే లివరు, ఫుట్ రెస్టు, హ్యాండిలు, ఇండికేటరు, ట్యాంకు మీద సొట్ట అన్నీ మీ ఖాతాలోనే. సొంత బండితో వెళ్లేవారు కనీసం ఇంకో పదివేలు ముట్టుకోకుండా పక్కన పెట్టాలి. ఆ పదివేలు లేకపోతే ట్రాక్ మీద ప్రతి మలుపులోనూ బండి గురించే బెంగపడతారు, నేర్చుకోవడం సాగదు.

పెట్రోలు వెయ్యి ఎలా వచ్చిందంటే, 200 సీసీ బండి మీద కొత్తవారు 3.7 కి.మీ. చుట్టును రెండున్నర నిమిషాలకు కాస్త అటూఇటూగా పూర్తి చేస్తారు. ఇరవై నిమిషాల్లో ఏడెనిమిది చుట్లు, రోజుకు నలభై లోపు, అంటే నూట నలభై కి.మీ. దగ్గర. రోడ్డు మీద లీటరుకు 35 ఇచ్చే బండి అక్కడ అందులో సగం కూడా ఇవ్వకపోవచ్చు. తొమ్మిది పది లీటర్లు పట్టుకెళ్లండి.

డబ్బు ఒకేసారి సమకూరకపోతే అప్పు చేయకండి. నెలకు రెండు వేలు పక్కన పెడితే పది నెలల్లో మొదటి పద్ధతికి సరిపోతుంది. బండి వాయిదాలు బకాయి ఉన్నవారు ముందు అవి కట్టేయండి. సైలెన్సరు మార్చడానికి, స్టిక్కర్లకు పెట్టే డబ్బు ఆపినా చాలామందికి ఒక ట్రాక్ డే ఖర్చు తేలిపోతుంది. చెవులు చిల్లులుపడే సైలెన్సరు బండిని ఒక్క మీటరు కూడా ముందుగా ఆపలేదు.

సొంత బండితో వెళ్లాలనే పట్టుదల ఉంటే

రెండోసారికి ఇది సరైన పనే. మీరు రోజూ నడిపేది ఆ బండే కాబట్టి దాని బ్రేకు, దాని బరువు, అది వంగే తీరు తెలియాలి. అయితే బండిని సిద్ధం చేయడంలో బద్ధకం పనికిరాదు.

అన్నిటికన్నా ముందు బ్రేక్ ఆయిల్. ఇది గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. ట్రాక్ మీద ప్రతి చుట్టులో గట్టి బ్రేకులు పట్టినప్పుడు క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) బాగా వేడెక్కుతుంది, తేమ పట్టిన ఆయిల్ మరిగి లోపల ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్ నొక్కుడుకు లొంగదు గానీ బుడగ లొంగుతుంది. అందుకే లివరు మెత్తబడి హ్యాండిలు దాకా వచ్చేస్తుంది, బండి మాత్రం ఆగదు. చుట్టూ చేపల చెరువులు, కాలువలు, వరిచేలు, పక్కనే సముద్రం. మన గాలిలో తేమకు కొదవ లేదు. మెకానిక్ మూత తీసి చూసి "బాగానే ఉందండి, మార్చనక్కర్లేదు" అంటే ఒప్పుకోకండి. సీసా మీద సీలు మీ కళ్ల ముందే తీయించండి. అరలో సగం వాడి పెట్టిన సీసాలోది అప్పటికే తేమ పీల్చుకుని ఉంటుంది. పాత ఆయిల్ టీ డికాషన్ రంగులో బయటికి వస్తుంది, లేత పసుపు రంగు కొత్త ఆయిల్, బుడగ లేకుండా గొట్టంలో కనిపించేదాకా తీయించండి. తర్వాత లివరును ఒక నిమిషం పాటు గట్టిగా పట్టుకుని ఉండండి. మెత్తగా అనిపిస్తే ఇంకా గాలి ఉందని, మెల్లగా లోపలికి దిగిపోతుంటే ఎక్కడో కారుతోందని అర్థం.

టైరు పక్క గోడ మీద నాలుగంకెల సంఖ్య చూడండి. 2324 అని ఉంటే 2024లో ఇరవై మూడో వారంలో తయారైందని. గాడి మిగిలే ఉన్నా, రబ్బరు గట్టిపడిన పాత టైరును ట్రాక్‌కు తీసుకెళ్లకండి. చైను మరీ బిగువుగా ఉన్నా, వదులుగా ఉన్నా ప్రమాదమే, బండితో ఇచ్చిన పుస్తకంలో చెప్పినంత ఆటే ఉంచండి. సముద్రానికి దగ్గరి ఊళ్లవారు బోల్టుల తుప్పు ప్రత్యేకంగా చూసుకోవాలి. ముందు చక్రం ఇరుసు, క్యాలిపర్ బోల్టులు, హ్యాండిలు బిగింపులు టార్క్ రెంచితో (బోల్టు ఎంత బిగువుగా ఉందో కొలిచే పానాతో) సరిచూడమని అడగండి.

తర్వాత తీసేయాల్సినవి. అద్దాలు, నంబరు ప్లేటు, శారీ గార్డు, లెగ్ గార్డు, మెయిన్ స్టాండు. వంగినప్పుడు లెగ్ గార్డు గానీ స్టాండు గానీ నేలకు తగిలితే బండి ఎగిరి పడుతుంది. సైడ్ స్టాండును గట్టి తీగతో కట్టేయండి. లైట్లు, ఇండికేటర్ల మీద టేపు వేయండి. కూలెంట్ ఉన్న బండ్లకు దాని బదులు శుద్ధజలం పోయమని కొందరు నిర్వాహకులు అడుగుతారు. కూలెంట్ ట్రాక్ మీద కారితే వెనుక వచ్చేవారంతా జారతారు. తీసిన సామానంతా ఒక సంచిలో వేసి, బోల్టులు పోకుండా కట్టి మీతోనే తీసుకెళ్లండి.

బండిని చేర్చడం ఎలా? నడుపుకుంటూ వెళ్లి మర్నాడు ట్రాక్ ఎక్కి, ఆ మర్నాడు నడుపుకుంటూ రావడం చవకగా కనిపిస్తుంది. నేను వద్దంటాను. పన్నెండు గంటల హైవే అలసట మీద ట్రాక్ ఎక్కితే కళ్లు చురుగ్గా పనిచేయవు. బండి పడితే ఇంటికి వచ్చే దారి ఉండదు. రైల్లో పంపితే పెద్ద స్టేషన్లోని పార్శిల్ ఆఫీసులో ఆర్సీ నకలు, గుర్తింపు కార్డు నకలు ఇవ్వాలి, ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి, గోనెలతో చుట్టించాలి. బండి ఏ రోజుకు చేరుతుందో గట్టి హామీ ఉండదు కాబట్టి కొన్ని రోజుల ముందే పంపండి.

పికప్‌లో తీసుకెళ్తే కట్టడం దగ్గర ఉండి చూసుకోండి. కోనసీమలో పికప్ డ్రైవర్లు చేతికందిన కొబ్బరి తాడుతో కట్టేస్తారు. ఆ తాడు ప్రయాణంలో సాగి వదులవుతుంది. లాగి బిగించే నైలాన్ పట్టీలు నాలుగు కొనండి. ముందు చక్రాన్ని తొట్టె ముందు గోడకు ఆనించి, ఫోర్కు పైభాగం నుంచి రెండు వైపులా పట్టీలు వేసి, ఫోర్కు సగం కిందికి దిగేదాకా సమానంగా బిగించండి. వెనుక రెండు పట్టీలు చక్రం పక్కకు జరగకుండా మాత్రమే. సైడ్ స్టాండు మీద నిలబెట్టి కట్టకండి. బయలుదేరిన అరగంటకు ఒకసారి ఆపి పట్టీలు తడిమి చూడండి.

బీమా కాగితాలు చదవండి

చాలామంది దీన్ని వదిలేస్తారు. మన దేశంలో వాహన బీమా పాలసీ మీద వాడకానికి హద్దులు రాసి ఉంటాయి. నిర్వహించిన రేసులు, వేగ పరీక్షలు, బండి మన్నికను పరీక్షించే పోటీలలో వాడితే బీమా వర్తించదని అందులో ఉంటుంది. ట్రాక్ మీద బండికి జరిగే నష్టం మీదేనని మనసులో ఖాయం చేసుకోండి.

ఆరోగ్య బీమాది వేరే సంగతి. ప్రామాణిక మినహాయింపుల్లో మోటార్ రేసింగ్ పేరు ఉంది గానీ, అది వృత్తిగా పాల్గొనేవారి గురించి. మీ పాలసీ మాటలు ఎలా ఉన్నాయో చదివి, కంపెనీకి ఈమెయిల్ రాసి సమాధానం దాచుకోండి. వ్యక్తిగత ప్రమాద బీమాలో మినహాయింపులు ఇంకా కఠినంగా ఉండవచ్చు. ఏ ఆరోగ్య బీమా లేనివారు మొదట అది తీసుకోండి, ట్రాక్ ఆ తర్వాత. ఇంట్లో చెప్పకుండా మాత్రం వెళ్లకండి. రక్తం గ్రూపు, ఇంటి ఫోను నంబరు రాసిన చీటీ సూటు లోపలి జేబులో పెట్టుకోండి.

ఆ రోజు

ముందు రోజు సాయంత్రానికే చేరి, నిండుగా నిద్రపోండి. ఉదయం పత్రాల మీద సంతకాలు, బండి తనిఖీ, సూటు తనిఖీ ఉంటాయి. వేళ్ల దగ్గర పొడవైన గోళ్లు ఉంటే తీసేయండి, చేతి తొడుగుల్లో అవే ముందు నొప్పెడతాయి. హెల్మెట్ మీ సొంతదే వాడండి, గడ్డం కప్పేది, గట్టి ప్రమాణపు ముద్ర ఉన్నది. వీపు రక్షణ కవచం సూటు లోపల ఉందో లేదో చేత్తో తట్టి చూడండి.

తర్వాత జెండాల గురించి చెబుతారు. పసుపు జెండా అంటే ముందు ప్రమాదం ఉంది, ఎవరినీ దాటకూడదు. ఎరుపు అంటే సెషన్ ఆపేశారు, నెమ్మదించి పిట్‌లోకి (ట్రాక్ పక్కన బండ్లు ఆపుకునే చోటికి) రావాలి. పసుపు, ఎరుపు చారలది ట్రాక్ జారుతోందని. నలుపు తెలుపు గళ్లది సెషన్ ముగిసిందని. పిట్‌లోకి వచ్చేటప్పుడు వెనుకవారికి తెలిసేలా చెయ్యి ఎత్తండి, లేదా ఎడమ కాలు చాపండి.

మొదటి సెషన్‌లో వేగం జోలికి పోకండి. ట్రాక్ ఎటు తిరుగుతుందో చూసుకోండి, టైర్లు వేడెక్కనివ్వండి. రెండో సెషన్ నుంచి ఒక్క పని మీదే మనసు పెట్టండి: చూపు. మలుపులోకి వంగేముందే మలుపు లోపలి అంచును, అది అందగానే బయటికి వెళ్లే అంచును చూడండి. ముందు చక్రం కింది నేలను చూసేవారికి ప్రతి మలుపూ హఠాత్తుగా మీదపడినట్టు ఉంటుంది. శిక్షకుడు ఇదే మాట పదిసార్లు చెబుతాడు, పదోసారికి అకస్మాత్తుగా అదే వేగం నెమ్మదిగా అనిపించడం మొదలవుతుంది. ఆ క్షణం కోసమే మీరు ఇంత దూరం వచ్చారు.

మోకాలు నేలకు తాకాలని ప్రయత్నించకండి. శరీరం సరైన చోట ఉన్న నాటికి అది దానంతట అదే వస్తుంది, రాకపోయినా పోయిందేమీ లేదు. పెద్ద బండి దూసుకెళ్తే వెంటపడకండి. సెషన్ల మధ్య నీళ్లు, మజ్జిగ, ఉప్పు కలిపిన నిమ్మరసం తాగుతూ ఉండండి. దాహం వేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. మధ్యాహ్నం తర్వాత చేతులు బిగుసుకుపోతున్నాయనిపిస్తే చివరి సెషన్ వదులుకోండి. డబ్బు కట్టామన్న పంతంతో అలసిన చేతులతో ఎక్కకండి.

ప్రతి సెషన్ నుంచి దిగిన వెంటనే ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. ఏ మలుపులో భయం వేసింది, ఎక్కడ బ్రేకు మొదలుపెట్టారు, శిక్షకుడు ఏం చెప్పాడు. సొంత బండైతే వేడి టైరులో గాలి కొలిచి అది కూడా రాయండి, ఎంత తగ్గించాలో శిక్షకుడితో మాట్లాడండి.

ఇంటికి వచ్చాక

ట్రాక్ నుంచి తెచ్చుకునేవి మన రోడ్ల మీద పనికొచ్చేవి మూడు: ముందు బ్రేకు మీద నమ్మకం, దూరానికి సారించే చూపు, మలుపు మధ్యలో కంగారుపడి యాక్సిలరేటరు మూసేయకపోవడం. చించినాడ వంతెన దిగేచోట ఎదురుగా లారీ మలుపు తిరుగుతున్నప్పుడు ఇవే ఆదుకుంటాయి.

ట్రాక్ నేర్పనివి కూడా చాలా ఉన్నాయి. అక్కడ తారు శుభ్రంగా ఉంటుంది. ఇక్కడ కోతల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, రొయ్యల లారీ కార్చిన నీళ్లు తెల్లవారుజామున మెరుస్తుంటాయి, చీకట్లో వెనుక దీపం లేని ట్రాక్టరు తొట్టి ఎదురవుతుంది. ట్రాక్ మీద బండిని వంచినంతగా వీటి మీద వంచకండి. మారేడుమిల్లి ఘాట్ రోడ్డు మీద ఆదివారాలు వేగం చూపించే గుంపులతో కలవకండి. అక్కడ ఎదురుగా వచ్చే బస్సుకు పసుపు జెండా చూపేవారు లేరు. బహిరంగ రహదారిపై పందేలు వేస్తే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారి మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. తిరిగి చేస్తే ఏడాది దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

వారంలోపు సుద్దగీత దగ్గరికి మళ్లీ వెళ్లండి. ట్రాక్‌కు ముందు కొలిచిన దూరాలు పుస్తకంలో ఉన్నాయి కదా, అదే వేగంతో, అదే చోట, అదే బండితో మళ్లీ కొలవండి. గీత దగ్గరికి జరిగి ఉంటే పెట్టిన డబ్బు పనిచేసింది. జరగకపోతే రెండోసారికి ఫీజు కట్టడం ఆపి, నెలకు రెండు ఆదివారాలు ఈ సాధన చేయండి. అది కుదిరాక రెండో ట్రాక్ డేకు సొంత బండి తీసుకెళ్లండి. ఆ రోజున మంచి టైర్లకూ, విడిగా శిక్షకుడికీ కలిపి డబ్బు సరిపోకపోతే శిక్షకుడికే కట్టండి.